యిన్ను, యాంగు – గురులఘు ప్రస్తారము

చీనాదేశపు తత్త్వశాస్త్రమున యిన్ను, యాంగు అను రెండు శబ్దములు మిక్కిలి ప్రసిద్ధములు. ఒకటి చీకటి, ఒకటి వెలుఁగు. ఒకటి చలువ, ఒకటి వేఁడి. ఒకటి స్త్రీ, ఒకటి పురుషుఁడు. ఈ రెండును సరిపాళ్లుగా నుండుటయే లోకమునకు క్షేమము. సామాన్యముగా వీనికిఁ జెప్పఁబడు వివరణ మిది. ఇందుఁ గొంత సత్యము కలదు. కాని ‘సరిపాళ్లు’ అను మాట చీనావారి యభిప్రాయమును మఱుఁగుపఱచుచున్నది. వారి గ్రంథములను పరిశీలింపఁగా సమత యనునది రెండు రాసులను త్రాసున వేసి తూఁచుట వంటిది కాదనియు, అది యొక క్రమమనియుఁ దెలియును. ఈ సూక్ష్మమును గ్రహించుటకు ఆంధ్రపండితునకుఁ జేతిలోనే యొక సాధనము కలదు. అది ఛందశ్శాస్త్రమునందలి గురులఘు ప్రస్తారము.

ఈ విచారణకు హైదరాబాదు పడమటి భాగమున నేఁడొక ప్రయోజనము కలిగియున్నది. 1998 నవంబరు 22వ తేదీన మాదాపురమున సైబర్ టవర్సు భవనము ప్రారంభింపఁబడినది మొదలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు విద్యకు నిలయములైనవి. లక్షలకొలఁది తెలుఁగువారు ఆ విద్యచే జీవించుచున్నారు. ఆ యంత్రమునకుఁ దెలిసిన యక్షరములు రెండే: 0, 1. ఈ రెండును చీనావారి యిన్ను యాంగులే యని కొందఱు, పింగళుని గురులఘువులే యని కొందఱు చెప్పుచుందురు. ఈ మాటలలో సత్య మెంతవఱకు, అతిశయోక్తి యెచ్చటనుండి యని విడఁదీసి చూపుట అవసరము. ఏలయన, లెక్క కుదిరినంత మాత్రమున భావము కుదిరినదని తలఁచినచో చీనావారి తత్త్వమును, పింగళుని శాస్త్రమును, కంప్యూటరు విద్యను మూఁడింటిని నొక్కసారిగా అపార్థము చేసికొనుట సంభవించును.

శబ్దార్థము

చీనా లిపిలో యిన్ను, యాంగు అను రెండక్షరములందును గుట్టను సూచించు చిహ్న మొకటి యెడమవైపునఁ గలదు. గుట్టయొక్క నీడప్రక్క యిన్ను, ఎండప్రక్క యాంగు. ఇదియే మూలార్థము, స్త్రీపురుషులు, చలువ, వేఁడి మొదలగు నర్థములు తరువాత వచ్చినవి. చీనా నాగరకతకుఁ బుట్టినిల్లయిన ఉత్తరభూములలో మధ్యాహ్నసూర్యుఁడు ఏఁడాది పొడవున దక్షిణముగానే యుండును. కావున కొండకు దక్షిణపు వాలు యాంగు, ఉత్తరపు వాలు యిన్ను. నదుల విషయమున దీనికి విపర్యయము: ఉత్తరపు గట్టు యాంగు, దక్షిణపు గట్టు యిన్ను. ఊళ్లపేర్లలో ఈ వాడుక నేఁటికిని నిలిచియున్నది. లో నదికి ఉత్తరమున వెలసిన పూర్వరాజధాని లోయాంగు. యాంగ్‌ట్సీ నదికి దక్షిణపు గట్టుననున్న పట్టణము జియాంగ్‌యిన్ను.

ఈ మూలార్థమునుండి మూఁడు విషయములు తేలుచున్నవి. మొదటిది, యిన్ను యాంగులు రెండు పదార్థములు కావు. ఒకే గుట్టకు రెండు ప్రక్కలు. గుట్ట లేనిదే ప్రక్కలు లేవు. రెండవది, ఎండ లేక నీడయనుమాటకు అర్థము లేదు. ఒకదానినిబట్టియే యొకటి యేర్పడుచున్నది. మూఁడవది, ఇవి స్థిరములు కావు. మాదాపురమున దుర్గము చెఱువు చుట్టునున్న గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల యేండ్ల నాఁటివి, అవి కదలవు. అయినను ఉదయమున నీడలోనున్న పడమటి ప్రక్కయే సాయంకాలమున ఎండకెక్కును. అంతియకాదు. హైదరాబాదు 17 డిగ్రీల యుత్తర అక్షాంశమును దాఁటి కొలఁదిదూరమున నున్నది. కావున మే మాసపు రెండవ వారము మొదలు ఆగస్టు మాసారంభము వఱకు మధ్యాహ్నసూర్యుఁడు ఇచ్చట నడినెత్తికి ఉత్తరముగా నుండును. లోయాంగున నెన్నఁడును యాంగు కాని యుత్తరపు వాలు, ఆ దినములలో మాదాపురమున యాంగగును. రాయి మాఱలేదు, దిక్కు మాఱలేదు. సూర్యునితోడి సంబంధము మాఱినది. యిన్ను యాంగులు వస్తువుల పేర్లు కావు, సంబంధముల పేర్లని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమగు నిదర్శనము అక్కఱలేదు.

ప్రాచీన ప్రయోగములు

షిజింగు అను ప్రాచీన గేయసంకలనమున గోంగ్‌ల్యూ అను నాయకుఁడు తన జనమునకు నివాసస్థలమును నిర్ణయించుట గూర్చిన గేయ మొకటి కలదు. అతఁడు గుట్టయెక్కి నీడలను కొలిచి, ఎండవాలును నీడవాలును, నీటి పాఱుదలను పరిశీలించినట్లు అందు వర్ణింపఁబడినది. ఇచ్చట ఈ శబ్దములకు తత్త్వార్థ మేమియు లేదు. ఊరు కట్టువాఁడు చూడవలసిన భూలక్షణము మాత్రమే.

తత్త్వార్థము మెల్లగా వచ్చినది. క్రీ.పూ. 780లో జౌ రాజ్యమున భూకంపము కలిగినప్పుడు బోయాంగ్‌ఫూ అను నధికారి దానికిఁ గారణము చెప్పినట్లు గువోయూ అను గ్రంథమునఁ గలదు. యాంగు క్రిందఁ జిక్కుకొని పైకి రాలేకపోవుటయు, యిన్ను దాని నణఁచుటయు భూకంపహేతువని యతని మతము. యాంగు తక్కువైనదని గాని యిన్ను ఎక్కువైనదని గాని యతఁడనలేదు. దాని చోటు దానికి తప్పినదనియే యతని యాశయము. సమత యన స్థానౌచిత్యమను తలఁపునకు ఇది తొలిబీజముగా నెంచఁదగినది.

తరువాత లావోజి పేర ప్రసిద్ధమైన గ్రంథము 42వ ప్రకరణమున సకల పదార్థములును యిన్నును మోయుచు యాంగును కౌఁగిలించుకొని యుండుననియు, ఆ రెండింటి ప్రాణశక్తుల కలయికవలన సామరస్యము కలుగుననియుఁ జెప్పఁబడినది. క్రీ.పూ. 3వ శతాబ్దమునందలి జౌయెన్ను ఈ వాదమును కొయ్య, నిప్పు, మన్ను, లోహము, నీరు అను పంచదశల వాదముతోఁ గూర్చెను. క్రీ.పూ. 2వ శతాబ్దమున డోంగ్‌జోంగ్‌షూ రాజు, తండ్రి, భర్త యాంగనియు, మంత్రి, పుత్రుఁడు, భార్య యిన్ననియు విభజించి యాంగునకు అగ్రస్థానము నిచ్చెను. గుట్టకు రెండు ప్రక్కలుగా నుండిన శబ్దములు ఈ విధముగా నొకదానిపై నొకటి యెక్కిన మెట్లైనవి. ఎండ సాయంకాలమునకు ప్రక్క మాఱునను మూలార్థమును మఱచినచో సమతావాదము అధికారమునకుఁ బరిచారకమగునని చీనాచరిత్రయే చెప్పుచున్నది.

తెలుపు నలుపు చేఁపలు రెండు ఒకదాని నొకటి చుట్టుకొన్నట్లున్న వృత్తాకారపు చిత్రము నేఁడందఱకును పరిచితము. అది మిక్కిలి ప్రాచీనమని తలఁచుట పొరపాటు. ఆ రూపము మింగు రాజుల కాలమున (1368–1644) వ్యాప్తికి వచ్చినది. ప్రాచీనుల యసలు చిహ్నములు రేఖలు.

త్రిరేఖలు, అష్టగణములు

ఆ రేఖలు యీజింగు అను మార్పుల గ్రంథమునకు సంబంధించినవి. తెగని గీటు యాంగు. నడుమ తెగిన గీటు యిన్ను. మూఁడేసి గీటులు ఒకదానిపై నొకటి పేర్చఁగా ఎనిమిది త్రిరేఖలగును. ఆఱేసి పేర్చఁగా 64 షడ్రేఖలగును. వీనిని క్రిందినుండి పైకిఁ జదువవలెను.

ఇచ్చట ఛందోవిదులకు అష్టగణములు స్ఫురింపక మానవు. మూఁడేసి గురులఘువుల కూర్పులు ఎనిమిది. పింగళుని ప్రస్తారక్రమమున గకారమును గురువునకు, లకారమును లఘువునకు గుర్తులుగాఁ గొన్నచో అవి యిట్లుండును: గగగ మగణము, లగగ యగణము, గలగ రగణము, లలగ సగణము, గగల తగణము, లగల జగణము, గలల భగణము, లలల నగణము. ఆఱక్షరముల పాదము గల గాయత్రీ ఛందమున సమవృత్తములు సరిగా 64.

పింగళుఁడు పట్టిక వ్రాయుటతో నాఁగలేదు. పట్టికను వ్రాయకయే, ఫలాని సంఖ్య గల రూప మెట్టిదో తెలిసికొను నష్టవిధానమును గూడ చెప్పెను. సంఖ్య సరియైనచో లఘువును వ్రాసి సంఖ్యను సగము చేయవలెను. బేసియైనచో గురువును వ్రాసి, ఒకటి కూడి సగము చేయవలెను. త్ర్యక్షరములలో 6వ రూపము కావలెననుకొందము. 6 సరి, కావున లఘువు; సగము 3. 3 బేసి, కావున గురువు. ఒకటి కూడి సగము చేయఁగా 2. 2 సరి, కావున లఘువు. లగల యయినది, అదియే జగణము. పాఠశాల బాలుఁడు నిమిషములోఁ జేయఁదగిన యీ లెక్క, సంఖ్యను రెండు గుర్తులలోనికి మార్చు పద్ధతియే.

త్రిరేఖలను గణములతోఁ బోల్చుటకు యిన్నును దేనికి సరిచేయవలెనను ప్రశ్న కలుగును. హ్వాయినాంజి యను గ్రంథమున, తేలికయైన ప్రాణశక్తి పైకెగసి ఆకాశమైనదనియు, బరువైనది క్రిందికి దిగి భూమియైనదనియుఁ గలదు. ఆకాశము యాంగు, భూమి యిన్ను. గురువనఁగా బరువు, లఘువనఁగా తేలిక. దీనినిబట్టి గురువు యిన్ను, లఘువు యాంగుగా నుంచి చూచినచో నొక వింత కానఁబడును. మూఁడు యిన్నుల త్రిరేఖ చీనావారికి భూమి. మూఁడు గురువుల మగణమునకు మన లాక్షణికులు చెప్పు నధిదేవతయు భూమియే. మూఁడు యాంగుల త్రిరేఖ స్వర్గము. మూఁడు లఘువుల నగణమునకు ఒక ప్రసిద్ధ సంప్రదాయమున నధిదేవత నాకము, అనఁగా స్వర్గము. నడుమ యిన్ను గల త్రిరేఖ అగ్ని, సూర్యుఁడును దానివాఁడే. లగలరూపమగు జగణమునకు అధిదేవత సూర్యుఁడు.

ఇంతమాత్రమునకే యొకరినుండి యొకరు గ్రహించిరని చెప్పఁబూనుట సాహసము. మిగిలిన యైదింటిని గూడ చూడవలెను. గలగరూపమగు రగణమునకు మనవారు అగ్ని యనిరి. అదే రూపము గల త్రిరేఖ చీనావారికి జలము. ఇంతకంటె విరుద్ధ మేమి యుండును? యగణము మనకు జలము, వారికి ఉఱుము. సగణము మనకు వాయువు, వారికి సరస్సు. తగణము మనకు ఆకాశము, వారికి పర్వతము. భగణము మనకు చంద్రుఁడు, వారికి వాయువు. ఎనిమిదింట మూఁడు కుదిరినవి, ఐదు కుదురలేదు. కుదిరిన మూఁడింట రెండు తుదలవి; బరువు భూమికి, తేలిక ఆకాశమునకు చెందుననుట ఏ దేశమువారికైనను సహజముగాఁ దోఁచునదే. కావున ఇది సామ్యమే కాని సంబంధము కాదు. సంఖ్య యొక్కటే యగుటకు కారణము చరిత్ర కాదు, గణితము. రెండు గుర్తులను మూఁడు చోటుల నుంచినచో ఎవరు చేసినను ఎనిమిదియే యగును.

లైబ్నిట్జు

జర్మనీ దేశపు తత్త్వవేత్త లైబ్నిట్జు 1679 నాఁటికే 0, 1 అను రెండంకెలతో సంఖ్యలన్నిటిని వ్రాయు పద్ధతిని కల్పించుకొనియుండెను. చీనాలోనున్న క్రైస్తవ గురువు బూవే 1701లో ఆయనకు లేఖ వ్రాయుచు, 11వ శతాబ్దపు పండితుఁడగు షావోయోంగు కూర్పు ననుసరించిన 64 షడ్రేఖల పట్టికను పంపెను. అది 1703లో లైబ్నిట్జునకు చేరినది. తెగిన గీటును 0గాను, తెగని గీటును 1గాను చదువఁగా ఆ పట్టిక 0 మొదలు 63 వఱకు వరుసగా నుండుట చూచి యాయన యాశ్చర్యపడి, తన ద్విసంఖ్యాగణితమును గూర్చిన వ్యాసమున దానిని పేర్కొనెను.

ఇందు గమనింపవలసినది కాలక్రమము. లైబ్నిట్జు ద్విసంఖ్యాపద్ధతిని చీనానుండి నేర్వలేదు. నేర్చిన తరువాత చీనాలో తన నీడను చూచుకొనెను. కంప్యూటరు మార్గమును మఱికొందఱు వేసిరి. బూలు 1854లో తర్కమును బీజగణితముగా వ్రాసెను. షానను 1937లో ఆ బీజగణితము విద్యుద్వలయములకుఁ జక్కఁగా పట్టునని చూపెను. పింగళుని గ్రంథము గాని యీజింగు గాని వారికి మూలము కాదు. ఇట్లు చెప్పుటవలన పింగళునకు లోపము లేదు. అంతకు ఎన్నియో శతాబ్దులకు పూర్వము, పద్యపాదములను లెక్కించుటకై ఆయన కనుఁగొన్న విధానము తనంత తానే గొప్పది; పరుల కీర్తిని దానికిఁ జేర్పనక్కఱలేదు.

సరిసంఖ్య సమత కాదు

లెక్క యింతవఱకు కుదిరినది. భావము ఇచ్చటనుండి వేఱగుచున్నది. యీజింగునందలి 11వ షడ్రేఖ పేరు టాయి. దాని యర్థము శాంతి. 12వ షడ్రేఖ పేరు పీ. దాని యర్థము స్తంభనము. మొదటిదానియందు క్రింద మూఁడు యాంగులు, పైన మూఁడు యిన్నులు. రెండవదానియందు క్రింద మూఁడు యిన్నులు, పైన మూఁడు యాంగులు. ఛందోభాషలో మొదటిది నగణముపై మగణము, రెండవది మగణముపై నగణము. ప్రస్తారమున నొకటి 8వది, ఒకటి 57వది. రెండింటను సంఖ్య సరిసమానము: మూఁడును మూఁడును. సమత యన సరిపాళ్లే యైనచో రెండును శుభములు కావలెను. అట్లు కాలేదు.

అంతేకాదు, శుభాశుభములు సామాన్యబుద్ధికి తలక్రిందులుగా నున్నవి. ఆకాశము పైన, భూమి క్రింద నుండుట సహజముగదా, అదియే స్తంభనము. భూమి పైన, ఆకాశము క్రింద నుండుట శాంతి. దీనికి వ్యాఖ్యాతలు చెప్పు కారణము సరళమైనది. పైకెగయు స్వభావము గలది పైననే యుండి, క్రిందికి దిగు స్వభావము గలది క్రిందనే యున్నచో రెండును ఒకదానికొకటి దూరమగుచుండును. తేలికది క్రిందనుండి యెగసి, బరువైనది పైనుండి దిగినప్పుడే రెండును కలియును. సమత యనఁగా కలయికకు వీలుగల క్రమము.

గ్రంథాంతమును ఇట్టిదే. 63వ షడ్రేఖయందు యాంగు, యిన్ను ఒకటి విడిచి యొకటి చొప్పున, దేని చోట నది యుండును. దాని పేరు ‘ముగిసినది’. ఇంతకంటె చక్కని యమరిక లేదు. అయినను తుది కలఁతపాలగునని గ్రంథము హెచ్చరించుచున్నది. దాని తరువాత, అన్నియు చోటు తప్పియున్న 64వ షడ్రేఖతో గ్రంథము సమాప్తమగుచున్నది. దాని పేరు ‘ఇంకను ముగియనిది’. పూర్ణసమత యొక విశ్రాంతిస్థానము కాదని చెప్పుట కిది చాలును.

ఈ విషయమును తెలుఁగు విద్యార్థికి ఉత్పలమాలతో బోధింపవచ్చును. ఆ పద్యపాదమున 20 అక్షరములు. అందు గురువులు 8, లఘువులు 12. సంఖ్య సమము కాదు. అయినను దాని నడకలో కుంటుతనము కలదని యెవ్వరందురు? 8 గురువులను 12 లఘువులను 20 చోటులలో నమర్పఁదగిన తెఱఁగులు 1,25,970. వానిలో నొక్కటియే ఉత్పలమాల. 20 అక్షరముల వృత్తములు 10,48,576 కాఁగా ప్రస్తారమున దాని స్థానము 3,55,799. అవే గురువులు, అవే లఘువులు. చోటు మాఱినచో ఉత్పలమాల లేదు. దాని మొదటి గురువును రెండు లఘువులుగా విడఁదీసినచో చంపకమాల యగును. అప్పుడు గురువులు 7, లఘువులు 14. సంఖ్యలన్నియు మాఱినవి, కాని మాత్రలు రెండింటను 28యే. పద్యపు సమతను గురులఘువుల తలకట్టు చెప్పదు, వాని వరుస చెప్పును.

భేదమును గూడ చూపవలెను. ప్రస్తారమున వ్రాసిన గురువు గురువుగనే నిలుచును. యీజింగున అట్లు కాదు. కాడలను పంచి రేఖను నిర్ణయించు ప్రాచీనవిధానమున ప్రతిరేఖకును 6, 7, 8, 9 అను నాలుగు సంఖ్యలలో నొకటి వచ్చును. 7, 9 యాంగు. 6, 8 యిన్ను. వీనిలో 7, 8 లేఁతవి, నిలుకడగలవి; 6, 9 ముదిరినవి, తమకు వ్యతిరేకముగా మాఱునవి. అవకాశములను లెక్కింపఁగా పదునాఱింట 6 ఒకమాఱు, 7 ఐదుమాఱులు, 8 ఏడుమాఱులు, 9 మూఁడుమాఱులు రాఁగలవు. యాంగు ఎనిమిది, యిన్ను ఎనిమిది, రాసి సమమే. కాని మాఱు స్వభావము యాంగునకు యిన్నుకంటె మూఁడింతలు. మొత్తము సమమైనను చలనము సమము కాదు. 0, 1 అను నంకెలలో ఈ ముదురు, లేఁత భేదమునకు తావు లేదు. కంప్యూటరు సున్న ముదిరి ఒకటి కాదు. ఆజ్ఞ వచ్చినప్పుడే మాఱును. ఈ యంశమున చీనావారి రేఖకు మన భాషలోని లఘువే కొంత సన్నిహితము. తాను హ్రస్వమైయుండియు, వెనువెంట సంయుక్తాక్షరము వచ్చినచో లఘువు గురువగును. తన స్వరూపము మాఱకయే పొరుగువలన బరువెక్కుట సంబంధధర్మముగదా!

అనువాద విచారము

యిన్ను ప్రకృతి, యాంగు పురుషుఁడు అని సాంఖ్యపరిభాషలోనికి మార్చు వాడుక యొకటి కలదు. అది నిలువదు. సాంఖ్యమున పురుషుఁడు నిష్క్రియుఁడు, సాక్షిమాత్రుఁడు, ప్రకృతియే కర్త్రి. చీనావారికి యాంగు చలనశీలము, యిన్ను గ్రహణశీలము. క్రియ తాఱుమాఱైనది. సమతావిషయమునను భేదము గొప్పది. సత్త్వరజస్తమస్సుల సామ్యావస్థ సాంఖ్యులకు ప్రళయము. ఆ సామ్యము చెడినప్పుడే సృష్టి. చీనావారికి యిన్ను యాంగుల సామరస్యమే సృష్టి. ఆయుర్వేదమునందలి దోషసామ్యము కొంత దగ్గఱగా నున్నది, సమతయే యారోగ్యమనుటవలన. కాని దోషములు మూఁడు, ఇవి రెండు.

ఇట్టి యనువాదములందు ఎంత జాగరూకత వలయునో ఆంధ్రదేశమును దర్శించిన యొక చీనా పండితుఁడే చూపియున్నాఁడు. లోయాంగు సమీపమున జన్మించిన హ్యూయన్‌త్సాంగు 7వ శతాబ్దమున వేంగిని దర్శించి, ధాన్యకటకమునఁ గొన్నిమాసములు నిలిచి మహాసాంఘికుల యభిధర్మము నభ్యసించెను. 645లో స్వదేశమును చేరిన పిదప, కామరూపరాజు కోరినందున లావోజి గ్రంథమును సంస్కృతీకరింపుమని చక్రవర్తి 647లో ఆయనకు ఆజ్ఞ యిచ్చెను. దావో అను మూలశబ్దమునకు ‘బోధి’ యను పదము నుంచవలెనని దావోమతస్థులు పట్టుపట్టిరి. హ్యూయన్‌త్సాంగు అంగీకరింపలేదు. దావో యన దారి; కావున ‘మార్గ’ యనియే వ్రాయవలెనని ఆయన వాదించెను. పరమతశబ్దమును స్వమతపు గొప్పపదముచే నలంకరించుట గౌరవమువలెఁ దోఁచినను, నిజమునకు ఆ శబ్దము నోరు మూయుటయే. యిన్నును యిన్నుగను, యాంగును యాంగుగను ఉంచి, వివరణముచే నర్థమును తెలుపుటయే యుచితము.

ఫలితార్థము

నేఁడు మాదాపురమున నే కంప్యూటరును తెఱచినను ఈ మూఁడు సంప్రదాయముల గుర్తులును నందే యుండును. ప్రపంచలిపులన్నిటికిని సంఖ్యల నేర్పఱచిన యూనికోడు పట్టికలో తెలుఁగు అకారమునకు 3077 అను సంఖ్య కలదు. యంత్రము దానిని 110000000101 అని గ్రహించును. యీజింగు 64 షడ్రేఖలకు 19904 మొదలు 19967 వఱకు సంఖ్యలు కలవు. యంత్రమునకు రెండును నంకెలే. అందలి భేదము చదువువానికే తెలియవలెను.

ఆ యంత్రములకడఁ గూర్చుండువారి బ్రదుకునందును ఎండనీడల విచారము కలదు. మాదాపురమున రాత్రి తొమ్మిదిన్నర లేక పదిన్నర యైనప్పుడు న్యూయార్కున మధ్యాహ్నము. అచ్చటి పగటికై ఇచ్చట రాత్రి మేలుకొనువారు పెక్కుమంది. పనికి నిన్ని గంటలు, ఇంటికి నన్ని గంటలని సరిపాళ్లు పంచినచో సమత కుదురునని తలఁచుట, ఉత్పలమాలను గురులఘువుల సంఖ్యచే గుర్తింపఁబూనుట వంటిది. పండ్రెండు గంటల విశ్రాంతి లభించినను నిద్రాసమయము తప్పినచో దేహమునకు నెమ్మది లేదు. ఏది యెప్పుడు, దేని తరువాత ఏది, ఏది యెంత ముదిరినప్పుడు విడువఁదగును అనునవియే చీనావారి ప్రశ్నలు.

ప్రస్తారప్రకరణము కేవలము కంఠస్థము చేయవలసిన శుష్కవిషయమను తలఁపు పెక్కుమంది విద్యార్థులకుఁ గలదు. ఒక్క నష్టోద్దిష్టములను చక్కఁగా నేర్పినచో అదే బాలునకు కంప్యూటరు లెక్క యెట్టిదో తెలియును; యీజింగు పట్టిక యెట్టిదో తెలియును; తుదకు పట్టిక తెలిసినంత మాత్రమున పద్యము రాదనియుఁ దెలియును. ఈ కడపటి యెఱుకయే ముఖ్యము. 10,48,576 రూపములను ప్రస్తారము చూపఁగలదు. వానిలో చెవికింపైనవి యేవియో అది చెప్పలేదు. యిన్ను యాంగుల సమతయు నట్టిదే. దాని రూపములను లెక్కింపవచ్చును. దాని నడకను మాత్రము కాలమున నడచియే తెలిసికొనవలెను.